నిలబెట్టి చూసిన బోర్డు

లాన్‌ఫెంగ్ కంపెనీ తన కొత్త మదర్‌బోర్డును మా చేతికిచ్చిన వారం మా ఊరు జోంగ్‌హలో వాన ఒక్క పూటైనా తెరిపి ఇవ్వలేదు. మేనెల వానలు అలాగే ఉంటాయి. గోడలు చెమరుస్తాయి, బట్టలు ఆరవు, పుస్తకాలకు బూజు పడుతుంది. మాన్‌మెయ్ అక్క ఆ పెట్టెను స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని, తను తొడుక్కోవలసిన రెయిన్‌కోటు దానికి కప్పి, తను ముద్దగా తడిసి ఇంటికొచ్చింది.

"నీకు జలుబు చేస్తే ఈ టెస్టులు నావల్ల కాదక్కా" అన్నాను తువ్వాలు అందిస్తూ.

"నాకు జలుబు చేస్తే తుమ్ముతాను. దానికి జలుబు చేస్తే చస్తుంది" అంది, ముందు పెట్టెను తుడుస్తూ.

మా ఇద్దరి పని మదర్‌బోర్డులను పరీక్షించి వాటి మంచిచెడ్డలు రాయడం. అంటే రాసేది అక్క. ఫొటోలు తీసేది, వెబ్‌సైటు చూసుకునేది నేను. నా పేరు బియూన్. పదహారేళ్లుగా ఇదే పని. కంప్యూటర్‌ను కొనకుండా ఒక్కో భాగం ఏరుకుని సొంతంగా కట్టుకునేవాళ్లు మా పాఠకులు. ప్రాసెసర్‌ను కంపెనీ గీసిన హద్దు దాటించి ఎంత వేగంగా పరిగెత్తించగలమా అని పందేలు కాసేవాళ్లు. మా నాన్న పందెం పావురాలను ఎలా చూసుకునేవాడో వీళ్లు తమ బోర్డులను అలా చూసుకుంటారు. అలాంటివాళ్ల కోసం చేసే ఖరీదైన బోర్డు ఒక్కటి కొనే ముందు, మాన్ అక్క ఏమందో అని ఒకసారి చూస్తారు.

అక్కది మియావ్‌లీ కొండల్లో హక్కా భాష మాట్లాడే కుటుంబం. పందొమ్మిదో ఏట తావ్‌యువాన్‌లోని ఒక బోర్డుల ఫ్యాక్టరీలో చేరింది. లైను చివరి బల్ల దగ్గర, తయారైన బోర్డుకు కరెంటు పెట్టి, బతికిందో లేదో చూసే పని. పదకొండేళ్లు చేసింది. ఫ్యాక్టరీ సముద్రం దాటి అవతలికి వెళ్లిపోయాక ఒక చిన్న రిపేరు కొట్టు పెట్టుకుంది. అక్కడి నుంచి ఈ రాతలకు వచ్చింది. ఇప్పుడామెకు యాభై నాలుగు.

కొత్త బోర్డు పేరు 'మంచుకొండ'. దాని ఎడమ అంచు పొడవునా తెల్లటి లోహపు దిమ్మ ఒకటి ఠీవిగా లేచి ఉంటుంది. ఆ దిమ్మ కింద, ప్రాసెసర్‌కు కరెంటును మలిచి పంపే చిన్న చిన్న భాగాలు వరుసగా ఉంటాయి. అవి పనిచేస్తున్నప్పుడు కాగిపోతాయి. ఆ వేడిని లాగి గాలిలోకి వదలడం దిమ్మ పని. దిమ్మకూ భాగాలకూ మధ్య మెత్తటి ప్యాడ్ ఒకటి పరిచి ఉంటుంది. దిమ్మ పై కొనలో చిన్న గాజు కిటికీ, దాని వెనక వెలిగే కొండ బొమ్మ. కంటికి నదరుగా ఉంది. అక్క దాన్ని వంటింటి త్రాసులో పెట్టి తూచింది.

"రెండున్నర కిలోలుంది బియూన్! చంటిపిల్లంత ఉంది."

"చంటిపిల్లకు లైటు ఉండదు."

ఆమె నవ్వలేదు. అప్పటికే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, భూతద్దం పెట్టి, ప్రాసెసర్ నుంచి మెమరీ దాకా పారే సన్నటి రాగి గీతలను చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఎవడోగానీ చేయి తిరిగినవాడే" అంది చివరికి. "ఈ మలుపు చూడు. ఇక్కడ సులువుగా అడ్డదారి తీసుకోవచ్చు. తీసుకోలేదు."

అక్క నోట అంత మాట రావడం అరుదు. ఆ రోజే నేను అనుకున్నాను, ఈసారి పొగడ్తే రాస్తుందని.

మొదటి ఐదు రోజులూ బోర్డును టెస్టు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నడిపాం. ఈ పని చేసే అందరూ అలాగే చేస్తారు. భాగాలు మార్చడం సులువు, తీగలు అంటించడం సులువు, ఫొటోలు బాగా వస్తాయి. పక్కన ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ కూడా పెట్టాం. ఆ తిండి పేరుకు అర్థం 'బుద్ధిగా ఉండు' అని. ఇక్కడ బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, ఎక్కడ యంత్రం ఉంటే అక్కడ దాన్ని పెడతారు. నమ్మకమా అంటే చెప్పలేను. లేకపోతే మాత్రం చేతులాడవు.

బోర్డు బుద్ధిగానే ఉంది. బుద్ధిగా ఏమిటి, మహారాణిలా ఉంది. ప్రాసెసర్‌ను ఎంత తరిమినా తడబడలేదు. మెమరీని మేం ఇంతకుముందు ఏ బోర్డు మీదా చూడనంత వేగానికి తీసుకెళ్లినా ఒక్క తప్పు చూపించలేదు. ఐదో రోజు సాయంత్రం అక్క టీ తాగుతూ, "ఇంతకాలానికి ఒక బోర్డును చూసి కడుపు నిండింది" అంది.

"అయితే రాసెయ్. ఇరవై ఎనిమిదికి ఇంకా పది రోజులుంది. ఈసారి హాయిగా ఉండొచ్చు."

మే ఇరవై ఎనిమిది మధ్యాహ్నం మూడింటి దాకా ఎవరూ ఈ బోర్డు గురించి నోరు విప్పకూడదని కంపెనీ షరతు. సరిగ్గా మూడింటికి అందరి రాతలూ ఒకేసారి బయటికొస్తాయి. ఆ తర్వాత వారానికి నాన్‌గాంగ్‌లో పెద్ద ప్రదర్శన. అక్కడ అమ్మకాలు మొదలు.

"ఇంకా నిలబెట్టలేదుగా" అంది అక్క.

అది ఆమె పద్ధతి. ఐదు రోజులు పడుకోబెట్టి, ఐదు రోజులు కంప్యూటర్ క్యాబినెట్‌లో బిగించి నిలబెట్టి. రెండోది ఎవరూ చెయ్యరు. అదొక చాకిరీ. ప్రతి చిన్న మార్పుకూ పలకలు విప్పాలి, మళ్లీ బిగించాలి.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నాను.

"ఇళ్లలో కంప్యూటర్‌ను ఎవరైనా పడుకోబెట్టి వాడతారా? నిలబెట్టే వాడతారు. మరి వాళ్లు వాడేట్టు మనం చూడకపోతే మనమెందుకు?"

నిలబెట్టాం. మొదటిరోజు బాగానే ఉంది. రెండోరోజు అక్క ప్రాసెసర్‌కు బరువైన పని అప్పజెప్పి, కింద ఆతావ్ హోటల్లో ముల్లంగి దిబ్బరొట్టె తినడానికి దిగింది. నేను పైనే ఉన్నాను. నలభై నిమిషాలకు ఫ్యాను చప్పుడు మారింది. తెర మీద వేగం చూపించే గీత ఒక్కసారిగా సగానికి పడిపోయింది. మళ్లీ లేచింది. మళ్లీ పడింది.

కిటికీలోంచి వంగి అరిచాను. "అక్కా! నీ మహారాణి కుంటుతోంది!"

అక్క నోట్లో రొట్టె ముక్కతోనే మెట్లెక్కి వచ్చింది. దిమ్మ కింద మూడు చోట్ల అంటించిన వేడి కొలిచే తీగల అంకెలు చూసింది. కింది కొన అరవై ఒక్క డిగ్రీలు. మధ్యలో డెబ్బై. పై కొన నూట నాలుగు. అంత వేడెక్కేసరికి బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్‌ను నెమ్మదించమంటోంది.

"తీగ ఊడిందేమో" అన్నాను.

"చూద్దాం."

తీగ ఊడలేదు. తీగ మార్చాం. ఫ్యాన్లు మార్చాం. గ్రాఫిక్స్ కార్డు తీసేశాం. ఏసీతో గదిని ఇంకా చల్లబరిచాం. ఏం చేసినా నలభై నిమిషాలకు కుంటడమే. బోర్డును క్యాబినెట్‌లోంచి తీసి పడుకోబెడితే మళ్లీ మహారాణి. నిలబెడితే కుంటి. అలా మూడుసార్లు తిప్పాక అక్క కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది.

"నేనేమైనా తప్పు బిగించానా?" అని అడిగింది. ఆమె గొంతులో భయం వినిపించింది. తప్పు బోర్డులో ఉంటుందనే భయం కన్నా తనలో ఉంటుందనే భయం.

"నువ్వు బిగించడం నేను ఫొటో తీశానుగా. తప్పేం లేదు."

అప్పుడు లేచి, సొరుగులోంచి సిగరెట్లు చుట్టుకునే పల్చటి కాగితం ఒకటి తీసింది. అది అక్క భర్త, పోయిన బావగారిది. దాన్ని సన్నటి పట్టీగా కత్తిరించి, నిలబడి ఉన్న బోర్డులో దిమ్మకూ ప్యాడ్‌కూ మధ్య దూర్చడానికి చూసింది. కింద దూరలేదు. మధ్యలో దూరలేదు. పై కొనలో, వెన్నలోకి కత్తి దిగినట్టు, సాఫీగా దిగిపోయింది.

"దిమ్మకు స్క్రూలు రెండే ఉన్నాయి బియూన్. కింద ఒకటి, నడుమ ఒకటి. పైన లేదు. పడుకోబెడితే దిమ్మ బరువు ప్యాడ్ మీదే పడి, అదే అదుముకుని ఉంటోంది. నిలబెట్టేసరికి ఆ బరువు ముందుకు తూలి పై కొన వదులవుతోంది. వేడికి ప్యాడ్ మెత్తబడ్డాక ఇంకా వదులు."

లాన్‌ఫెంగ్‌లో మాలాంటివాళ్లతో మాట్లాడే ఆవిడ పేరు ఔయాంగ్. మంచి మాటకారి. పండక్కి మూన్‌కేకు మిఠాయిలు పంపించే మనిషి. అక్క ఫోన్ చేస్తే, "అయ్యో, ఆ ఒక్క బోర్డూ తేడా అయి ఉంటుందక్కా, వేరేది పంపిస్తా" అంది. పంపింది. అక్క దాన్నీ నిలబెట్టింది. నలభై ఆరు నిమిషాలకు అదీ కుంటింది. కాగితం అందులోనూ దూరింది.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్పీకరు ఆన్ చేసి ఉంది.

"అక్కా, ఇరవై రెండు మందికి పంపించాం. ఒక్కరైనా ఏమీ అనలేదు. మీ ఒక్కరికే వస్తోందంటే ఏమనుకోవాలి?"

"వాళ్లను నిలబెట్టి చూడమనండి."

"టెస్టులకు ఒక పద్ధతంటూ ఉందిగా. అందరూ పాటించేదే. మీరు దేన్నైనా తిరగేసి, బోర్లించి, ఏదో ఒకటి పట్టుకుంటే గానీ ఊరుకోరు." ఒక్క క్షణం ఆగి నవ్వుతూ అంది. "ఏమనుకోకండి గానీ, మీరు ఇంకా ఆ ఫ్యాక్టరీ లైను మీదే ఉన్నట్టున్నారు."

అక్క ఫోన్ పెట్టేసింది. టీ పెట్టుకుంటానని వంటింట్లోకి వెళ్లి, నీళ్లు మరిగి మరిగి ఇంకిపోయేదాకా స్టవ్ ముందు నిలబడింది. నేనే వెళ్లి కట్టేశాను.

"మెత్తగా రాద్దామక్కా" అన్నాను. "చివర్లో ఒక చిన్న పేరా. 'నిలబెట్టినప్పుడు కొంచెం వేడెక్కుతోంది' అని. అబద్ధం కాదు కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"పింగ్‌తుంగ్ ఆయన గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. మేం మొదలుపెట్టిన రెండో ఏడు అక్క ఒక బోర్డును ఒక్క రోజు చూసి ఆకాశానికెత్తేసింది. పెళ్లి వీడియోలు చేసే ఒకాయన అది చదివి కొన్నాడు. నాలుగు నెలలకు అది కాలిపోయింది. పింగ్‌తుంగ్ నుంచి రైలెక్కి, ఆ బోర్డును పత్రికలో చుట్టుకుని, మా మెట్లెక్కి వచ్చాడు. తిట్టలేదు. కూర్చుని, మేమిచ్చిన నీళ్లు తాగి, ఒక్కటే అడిగాడు. "మీరు దీన్ని ఎన్ని గంటలు నడిపి చూశారండీ?"

"ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని" అంది అక్క. "ఉన్నది ఉన్నట్టే రాస్తాను. ఆ చేయి తిరిగినవాడి గురించి కూడా రాస్తాను. రెండూ నిజమే."

ఇరవై ఐదో తేదీ పొద్దున తలుపు చప్పుడైంది. తీసి చూస్తే గొడుగులోంచి నీళ్లు కారుతూ ముప్పై నాలుగు ముప్పై ఐదేళ్ల మనిషి. భుజాన పనిముట్ల సంచి. చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నా పేరు పెంగ్ హావ్‌రన్. లాన్‌ఫెంగ్ నుంచి. మంచుకొండ... నేను గీసిన బోర్డు."

పోట్లాటకే వచ్చాడనుకున్నాను. మొహం అలాగే బిగుసుకుని ఉంది. అక్క మాత్రం అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మెమరీ దగ్గర ఆ మలుపు తిప్పింది నువ్వేనా?" అంది.

అతను తెల్లబోయాడు. "ఏ మలుపు?"

"రెండో స్లాటు పక్కన. అడ్డదారి వదిలేసి చుట్టూ తిప్పావు చూడు."

"అది... అవును. దానికి మూడు వారాలు పట్టింది." అతని భుజాలు కొద్దిగా దిగాయి. అంతలోనే మళ్లీ బిగుసుకున్నాయి. "ఔయాంగ్ గారు చెప్పారు. కానీ అక్కా, మా ల్యాబులో ముప్పై బోర్డులు, ఒక్కొక్కటీ వంద గంటలు నడిచాయి. ఒక్కటి కూడా ఆగలేదు."

"పడుకుని నడిచాయా, నిలబడి నడిచాయా?"

అతను భుజం మీది సంచి పట్టీ సవరించుకున్నాడు.

"పడుకునే. అరల్లో దొంతరగా పేర్చి ఉంటారు. చోటు కలిసొస్తుంది. మా ఫ్యాక్టరీలోనూ అంతే" అంటూ అక్క అతని చేతికి కాగితం పట్టీ అందించింది. "నేను చెబితే నమ్మొద్దు. నువ్వే చెయ్యి."

తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని వంగాడు. క్యాబినెట్ నడుస్తూనే ఉంది. కింద పెట్టాడు, దూరలేదు. మధ్యలో పెట్టాడు, దూరలేదు. పై కొనలో పెట్టేముందు ఒక్క క్షణం ఆగాడు. నేను అతని మొహాన్నే చూస్తున్నాను. కాగితం దూరకముందే అతనికి తెలుసని నాకప్పుడు అర్థమైంది.

కాగితం దిగిపోయింది. దాన్ని అలాగే వదిలేసి, నేల మీద కూర్చున్నాడు.

"మూడో స్క్రూ ఉండేది" అన్నాడు. "నా మొదటి బొమ్మలో ఉంది. పై కొనలో. అక్కడే కొండ లైటు కిటికీ రావాలన్నారు డిజైనువాళ్లు. స్క్రూ కనబడితే అందం చెడుతుందన్నారు. మీటింగులో ఎనిమిది మంది కూర్చున్నారు. రెండు స్క్రూలు చాలవా అని అడిగారు. చాలవని గట్టిగా చెప్పలేకపోయాను. 'చాలుతాయేమో' అన్నాను. సంతకం పెట్టాను."

"సంతకం పెట్టే చేతికి నోరు కూడా ఉండాలి నాయనా" అంది అక్క. గొంతు కటువుగా లేదు.

"నేను పెద్ద బోర్డు గీయడం ఇదే మొదలక్కా."

"అందుకే చెబుతున్నా. ఇది ఆఖరిది కాకూడదని."

ఆతావ్ కింది నుంచి మూడు అన్నం డబ్బాలు పంపించింది. వేయించిన కోడి తొడ, క్యాబేజీ, సగం ఉడికిన గుడ్డు. హావ్‌రన్ మొదట వద్దన్నాడు. తర్వాత మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తింటూ తింటూ ఉన్నట్టుండి చాప్‌స్టిక్స్ ఆపేశాడు.

"రంధ్రం ఉంది!"

"ఏ రంధ్రం?"

"బోర్డులో! మూడో స్క్రూ తీసెయ్యమన్నప్పటికే బోర్డు గీత అయిపోయింది. రంధ్రాన్ని తీసెయ్యలేదు. లైటు పలక దాన్ని కప్పేస్తోందంతే. దిమ్మలోనే స్క్రూ పట్టే మర లేదు. దిమ్మలో మర తొలిస్తే..."

అక్క అప్పటికే లేచి రెయిన్‌కోటు వెతుకుతోంది.

మా వీధి చివర లియావ్ మేస్త్రి షెడ్డు ఉంది. లోహం కోయడం, తొలచడం, మరలు వెయ్యడం ఆయన పని. డెబ్బై ఏళ్లుంటాయి. దిమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేమిటి, గుళ్లో పెట్టేదా?"

"కంప్యూటర్‌లో పెట్టేది మావయ్యా" అన్నాను.

"కంప్యూటర్‌లో పెట్టేదానికి ఇంత సోకెందుకు? మూత మూశాక ఎవడు చూస్తాడు?"

"ఇప్పుడు క్యాబినెట్‌కు అద్దాలు పెడుతున్నారండీ" అన్నాడు హావ్‌రన్ నెమ్మదిగా.

"అద్దాలా? నా పెళ్లాం అల్మరాకు పెట్టమంటే పెట్టలేదు నేను." అలా సణుగుతూనే దిమ్మను బిగించి, హావ్‌రన్ పెన్సిలుతో పెట్టిన చుక్క మీద బరమా దించాడు. వెండిలా మెరిసే తరుగు సన్నటి రింగులుగా కింద రాలింది. పది నిమిషాల్లో మర వేసి చేతిలో పెట్టాడు. కిటికీలో కొండ శిఖరం ఉండాల్సిన చోట ఇప్పుడు స్క్రూ కోసం ఒక రంధ్రం. కొండ కాస్త మొండిగా కనిపించింది.

పైకొచ్చి బిగించి, క్యాబినెట్‌లో నిలబెట్టి, అదే బరువైన పని పెట్టాం. ఇరవై నిమిషాలు. ముప్పై ఐదు. నలభై నిమిషాలకు హావ్‌రన్ కుర్చీ అంచుకు జరిగాడు. గీత పడలేదు. గంట. రెండు గంటలు. నాలుగు గంటలకు అక్క అంకెలు చదివింది. కింద అరవై నాలుగు, నడుమ అరవై ఆరు, పైన అరవై ఎనిమిది.

"కాగితం పెట్టి చూడు" అంది.

అతను పెట్టాడు. దూరలేదు. మళ్లీ పెట్టాడు. కాగితం మడతపడింది. అతను దాన్ని పట్టుకుని పిచ్చివాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ నవ్వొచ్చింది. అక్క మాత్రం ఫ్యాను పలక బిగిస్తూ పెదవులు బిగించుకుంది. అది ఆమె నవ్వే తీరు.

నవ్వు ఆగాక అతని మొహం మళ్లీ దిగులుపడింది. "ఆరు వేల బోర్డులు పెట్టెల్లో పెట్టేశారు. ప్రదర్శనకు పది రోజులే ఉంది. ఎల్లుండి మీటింగులో డైరెక్టర్ గారికి చెప్పాలి." కాస్త ఆగి అడిగాడు. "అక్కా, మీ రాత కొన్నాళ్లు ఆపగలరా?"

"ఆపలేను. మూడింటికి అందరివీ చదివి కొనేవాళ్లు ముందే డబ్బు కట్టేస్తారు. అప్పుడు నేను నోరు మూసుకుంటే ఏం లాభం?"

"నిజమే."

"కానీ నాకు తెలిసిందంతా రాస్తాను. తప్పుందని రాస్తాను. దాన్ని సరిచెయ్యొచ్చని, సరిచేస్తే ఇంతమంచి బోర్డు లేదని కూడా రాస్తాను. సరిచేశారో లేదో రాయడానికి ఒక పేరా ఖాళీగా ఉంచుతాను. దాన్ని నింపడం మీ పని."

అతను తొలిచిన దిమ్మతో ఉన్న బోర్డును మా దగ్గర వదిలి, తొలచని రెండో బోర్డును సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కాగితం పట్టీలు నాలుగు అడిగి తీసుకున్నాడు.

ఇరవై ఆరున కబురు లేదు. ఇరవై ఏడున లేదు. అక్క రాత పూర్తిచేసింది. నేను ఫొటోలు పెట్టాను. అందులో కాగితం దూరుతున్న ఫొటో ఒకటి, దూరక మడతపడ్డ ఫొటో ఒకటి. చివర్లో ఖాళీ పేరా అలాగే ఉంది. ఇరవై ఎనిమిదిన పదకొండు దాటింది, పన్నెండు దాటింది. అన్నం తినబుద్ధి కాలేదు. "అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారేమో అక్కా" అన్నాను. "అలాంటి చేతిని తీసేసేంత మూర్ఖులైతే ఇంకో కంపెనీ పెట్టుకుంటుంది" అంది గానీ, కళ్లద్దాలను నాలుగోసారి తుడుస్తోంది.

ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది. ఔయాంగ్.

"అక్కా." ఆవిడ గొంతులో ఆ మాటకారితనం లేదు. "హావ్‌రన్ నిన్న మీటింగుకు బోర్డును క్యాబినెట్‌లో బిగించి, మోసుకుని వచ్చాడు. మాటా పలుకూ లేకుండా టేబుల్ మీద నిలబెట్టి ఆన్ చేశాడు. నలభై నిమిషాలు అలా కూర్చోబెట్టాడు మమ్మల్నందరినీ. తర్వాత డైరెక్టర్ గారి చేతిలో కాగితం ముక్క పెట్టి, మీరే దూర్చండి అన్నాడు."

"దూర్చారా?"

"దూర్చారు. ఆయన కూడా ఒకప్పుడు బోర్డులు గీసినవారే కదా. కాగితాన్ని మళ్లీ మళ్లీ దూర్చి చూశారు. తర్వాత, 'ఈ స్క్రూ తీసెయ్యమన్నది ఎవరు' అని అడిగారు. హావ్‌రన్ లేచి, 'తీసింది నేనే, సంతకం నాది' అన్నాడు. డిజైనువాళ్లు తలలు దించుకున్నారు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదక్కా. అమ్మకం ఆపమన్నారు. ఆరు వేల దిమ్మలూ విప్పి, మూడో మర వేసి, మళ్లీ బిగించి పంపుతాం. ఆగస్టు అవుతుంది. ప్రదర్శనలో మాత్రం మరలు వేసిన పది బోర్డులు పెడతాం. ఇదంతా మీరు రాసుకోవచ్చని చెప్పమన్నారు."

అక్క కళ్లు మూసుకుని తెరిచింది. "మంచిది. రాస్తాను."

"ఇంకోమాట. మొన్న నేను లైను గురించి అన్నది..."

"లైను మీదే ఉన్నానమ్మా. దిగిందెప్పుడు?" అంది అక్క. కోపంగా అనలేదు. పేరూ ఊరూ చెప్పుకున్నట్టు అంది. "నువ్వు అన్నం తిన్నావా? గొంతు నీరసంగా ఉంది. పోయి తిను."

ఖాళీ పేరాను పావుగంటలో నింపింది. సరిగ్గా మూడింటికి నేను మీట నొక్కాను.

ఆ రోజు బయటికొచ్చిన మిగతా రాతలన్నీ పొగడ్తలే. మాది చదివి మొదట కొందరు వెక్కిరించారు. 'మాన్ అక్కకు వయసైపోయింది, బోర్డును వంకరగా పట్టుకుంది' అన్నాడొకడు. సాయంత్రానికి తైచుంగ్ నుంచి ఒకాయన పరీక్షకని తనకొచ్చిన బోర్డును నిలబెట్టి, కాగితం దూర్చి, వీడియో పెట్టాడు. తర్వాత కావ్‌షుంగ్ నుంచి ఇంకొకరు. ఆ వారంలోనే కంపెనీ తనంతట తానే ప్రకటన ఇచ్చింది. తప్పు ఏమిటో, ఎలా సరిచేస్తున్నారో ఇంత దాపరికం లేకుండా చెప్పిన కంపెనీని తాము చూడలేదని చాలామంది రాశారు. ముందుగా డబ్బు కట్టినవాళ్లలో వెనక్కి తీసుకున్నవాళ్లు తక్కువే. మిగతావాళ్లు ఆగస్టు దాకా ఆగుతామన్నారు.

ఆగస్టులో బోర్డు వచ్చింది. స్క్రూ తలను దాచకుండా, దాని చుట్టూ కొండ బొమ్మను మళ్లీ గీశారు. శిఖరం మీద సూర్యుడిలా కనిపిస్తోంది అది. డిజైనువాళ్లలో ఒకమ్మాయికి తట్టిన ఆలోచనట. అక్క దాన్ని చూసి, "ఇప్పుడు బావుంది" అంది. ఆమె అందం గురించి ఒక మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ నెలలోనే లాన్‌ఫెంగ్ ల్యాబు వాళ్లు ఆమెను ఉద్యోగానికి పిలిచారు. వద్దంది. "మీ దగ్గర జీతం తీసుకుంటే మీ బోర్డుల మీద నేను రాసేది ఎవరు నమ్ముతారు?" అంది. కానీ ఊరికే వచ్చి చూపిస్తానంది. ఒక మంగళవారం నేనూ వెంట వెళ్లాను. అరలన్నీ పీకేసి, క్యాబినెట్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. పరీక్షలు చేసే ఇరవై ఏళ్ల అమ్మాయిలు నలుగురు అక్క చుట్టూ మూగారు. వాళ్లలో ఒకమ్మాయిది మియావ్‌లీయే. ఇద్దరూ హక్కాలో మాట్లాడుకుని పగలబడి నవ్వారు. ఏమన్నారో నాకు చెప్పలేదు.

మధ్యాహ్నం హావ్‌రన్ వచ్చాడు. మనిషి కాస్త ఒళ్లు చేశాడు. చంకలో చుట్టిన కాగితం. బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు పెట్టాడు. వచ్చే ఏటి బోర్డు బొమ్మ. ఇంకా ఎవరికీ చూపించలేదట.

"తయారీకి వెళ్లకముందే చూడండక్కా. తర్వాత తిట్టేకన్నా ఇప్పుడే తిట్టండి."

అక్క కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి వంగింది. వేలితో గీతల వెంట నెమ్మదిగా వెళ్లింది. ఒకచోట ఆగింది.

"బోర్డు గడియారాన్ని నడిపే బటన్ బ్యాటరీ ఎక్కడ పెట్టావు?"

"ఈ లోహపు మూత కింద."

"మరి నాలుగేళ్లకు అది అయిపోతే? ఒక్క బ్యాటరీ మార్చడానికి ఇల్లంతా పీకాలా?"

హావ్‌రన్ తల గోక్కున్నాడు. అమ్మాయిలు నవ్వు దాచుకున్నారు. అతను చెవి మీది పెన్సిలు తీసి, ఆ గుండ్రటి గుర్తును కొట్టేసి, ఇంకో చోటు వెతకడం మొదలుపెట్టాడు. అక్క కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.